ఆచార్య సతీష్ ధావన్

శ్రీహరికోట పేరు వినని తెలుగువారుండరు. అచటి అంతరిక్ష కేంద్రము ఏ మహనీయుని పేర వెలయుచున్నదో, ఆయన చరిత్రము మన యువకులు తెలిసికొనదగినది.

సతీష్ ధావన్‌గారు 1920 సెప్టెంబరు 25న శ్రీనగరమున జన్మించిరి. లాహోరునందు గణిత, భౌతిక శాస్త్రములను, ఆంగ్ల సాహిత్యమును, పిమ్మట మెకానికల్ ఇంజనీరింగును అభ్యసించిరి. బెంగుళూరి విమాన కర్మాగారమున కొంతకాలము పనిచేసి అమెరికా కేగి, 1951లో కాలిఫోర్నియా సాంకేతిక సంస్థయందు ఆచార్య లీప్‌మన్‌గారి శిష్యులుగా డాక్టరు పట్టమునొందిరి.

కాలువలో సాగు పడవను నీరు ఒరసికొని వెనుకకు లాగునట్లే, విమానపు మేనిని గాలి లాగును. గంటకు సుమారు 1,200 కిలోమీటర్ల ధ్వనివేగమును సమీపించునపుడును, మించునపుడును ఈ రాపిడి యెంతయో తెలియనిదే విమానమునకు గాని రాకెట్టునకు గాని సరియైన లెక్క కుదరదు. నున్నని పలకయందు చిన్న భాగమును వేరుగా అమర్చి, దానిపై గాలి రాపిడిని ధావన్‌గారు నేరుగా కొలిచిరి.

స్వదేశమునకు మరలి, బెంగుళూరి భారతీయ విజ్ఞాన సంస్థలో చేరి, ధ్వనిని మించిన వేగముతో గాలిని పారించి నమూనాలను పరీక్షించు వాయుసొరంగమును దేశమున మొదటిసారిగా నిర్మించిరి. నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన ఆచార్య సూరి భగవంతముగారి యనంతరము, 1962లో ఆ సంస్థకు డైరెక్టరైరి. 1971లో విక్రమ్ సారాభాయిగారు ఆకస్మికముగా మరణింపగా, ప్రధాని ఇందిరాగాంధీ కోరికపై మరుసటి సంవత్సరము అంతరిక్ష సంస్థ భారమును వహించిరి. అయినను విద్యాసంస్థను వీడలేదు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి యెగసిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు కొలది నిమిషములకే సముద్రము పాలయ్యెను. ఆ పథకమునకు నాయకులు అబ్దుల్ కలాంగారు. పత్రికలవారికి సమాధానము చెప్పు కష్టమును ధావన్‌గారు ఆయనపై మోపక, తామే యెదుట నిలిచి వైఫల్యమును తలదాల్చిరి. 1980 జూలై 18న అట్టి రాకెట్టే 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఆనాడు మాత్రము తాము వెనుకకు తగ్గి, కలాంగారిని ముందుకు పంపిరి.

ధావన్‌గారు 1984లో అంతరిక్ష సంస్థనుండి విరమించి, పక్షుల యెగురు విధానముపై గ్రంథము రచించి, 2002 జనవరి 3న దివంగతులైరి. ఆ యేడే శ్రీహరికోట కేంద్రమునకు వారి నామమును పెట్టిరి. అపజయమున ముందు, విజయమున వెనుక నిలుచుటయే నాయకత్వమని వారి జీవితము నేర్పుచున్నది.