నష్టాల బడిలో చదువుకున్న జంషెడ్జీ టాటా

వ్యాపారంలో ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి చూసి, ఇక వీడి పని అయిపోయిందనడం లోకం తీరు. ఆ మాట ఎంత తొందరపాటో జంషెడ్జీ టాటా జీవితం చూస్తే మనకు తెలుస్తుంది.

ఆయన 1839లో గుజరాత్‌లోని నవ్‌సారీలో ఒక పార్సీ పురోహిత వంశంలో జన్మించారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువు ముగించి తండ్రి వ్యాపారంలో చేరారు. అమెరికా అంతర్యుద్ధం పుణ్యమా అని అప్పట్లో మన పత్తికి ఇంగ్లండులో విపరీతమైన గిరాకీ ఉండేది. ఆ ఊపులో బ్యాంకు పెట్టాలని లండన్ వెళ్లారు. 1865లో యుద్ధం ముగిసింది. పత్తి ధర కుప్పకూలింది. ఆయన చేతిలోని హుండీలు చిత్తు కాగితాలయ్యాయి.

పరాయి దేశం, పాతికేళ్ల వయసు. అయినా ముఖం చాటేయలేదు. అప్పిచ్చినవారి వద్దకు తానే వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ నిజాయితీ చూసి వారు లెక్కలు తేల్చే పనిని ఆయనకే అప్పగించారు. ఇక్కడ తండ్రి ఇల్లు అమ్మి అప్పులు తీర్చారు.

1868లో 21,000 రూపాయలతో ఆయన సొంత వ్యాపారం మొదలుపెట్టారు. 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచారు. చవకగా కొన్న యంత్రాలు మొదట్లో ఇబ్బంది పెట్టాయి. వాటిని మార్చి మంచివి తెచ్చాకే మిల్లు లాభాల బాట పట్టింది. అయినా 1886లో మళ్లీ చవక బేరానికే ఆశపడి బొంబాయి దగ్గర కుర్లాలో ఒక పాత మిల్లు కొన్నారు. అదే స్వదేశీ మిల్లు. అది ఆయనను దాదాపు ముంచినంత పని చేసింది. సొంత వాటాలు అమ్మి మరీ దాన్ని నిలబెట్టారు. ఓడల వ్యాపారంలో విదేశీ కంపెనీ కిరాయిలు తెగ తగ్గించడంతో, మన వర్తకులే ఆయనను విడిచి అటు వెళ్లారు. నష్టంతో దాన్ని మూసేయక తప్పలేదు.

ఉక్కు కర్మాగారం కల నెరవేరకుండానే 1904లో కన్నుమూశారు. 1912లో ఆయన వారసులు ఉక్కు తీశారు. ఆ ఊరికి తరువాత జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

ఈ జీవితంలో మేము గమనించినది ఒకటే. సొమ్ము పలుమార్లు పోయింది గాని, నమ్మకం ఒక్కసారీ పోలేదు. మన ఇళ్లలో ఒక కుర్రవాడు కొట్టు పెట్టి నష్టపోతే, దెప్పిపొడిచే ముందు రెండు ప్రశ్నలు అడుగుదాం. అప్పులవారికి ముఖం చూపించాడా? ఎక్కడ దెబ్బ తిన్నాడో తెలుసుకున్నాడా? రెండింటికీ అవునని జవాబు వస్తే, వాడికి మరో అవకాశం ఇవ్వడం మన బాధ్యత.