రైతు గోడును పార్లమెంటుకు వినిపించిన గాజుల లక్ష్మీనరసు శెట్టి

బళ్లారి నేడు కర్ణాటకలో ఉన్నది, హోసూరు తమిళనాడులో, గంజాం ఒడిశాలో ఉన్నాయి. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ మూడు సీమలూ చెన్నపట్నం కేంద్రంగా పాలింపబడిన మద్రాసు రాజధానిలోనివే. ఆ రాజధానిలో శిస్తు బాకీపడిన రైతును సర్కారు నౌకర్లు హింసించి వసూలు చేసేవారు. ఆ ఘోరాన్ని ఇంగ్లండు పార్లమెంటు దృష్టికి చేర్చడానికి పాటుపడిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి.

ఆయన 1806లో చెన్నపట్నంలో జన్మించారు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, వస్త్రాల వ్యాపారి. లక్ష్మీనరసు న్యాయశాస్త్రం చదివినవారు కారు. వర్తకంలో విశేషంగా ధనం గడించి, దానిని ప్రజాకార్యాలకు వెచ్చించారు. 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రికను స్థాపించి కంపెనీ పాలనలోని లోపాలను ఎత్తిచూపారు. మతం మారినవారికి పిత్రార్జితంలో హక్కు నిలిపిన 1850 నాటి చట్టాన్ని ఆయన వర్గం వ్యతిరేకించింది. ఆ వైఖరిని నేడు అందరూ మెచ్చకపోవచ్చు. రైతు విషయంలో ఆయన చేసిన కృషికి మాత్రం రెండవ మాట లేదు.

1852లో ఆయన ముందుండి మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను నెలకొల్పారు. ఆ ఏడే ఆ సంఘం పార్లమెంటుకు ఒక అర్జీ పంపింది. పన్నుల భారం, వసూలులోని దౌర్జన్యం, న్యాయస్థానాలలో జాప్యం, ఖర్చు, బాటలూ బడులూ లేని దుస్థితి అందులోని ఫిర్యాదులు. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ చెన్నపట్నం వచ్చినప్పుడు, లక్ష్మీనరసు ఆయనను జిల్లాలకు వెంటబెట్టుకొని వెళ్లి రైతుల స్థితిని స్వయంగా చూపించారు. సేమూర్ తిరిగి వెళ్లి 1854లో కామన్స్ సభలో ఈ సంగతి లేవనెత్తారు. ఫలితంగా ముగ్గురు ఆంగ్లేయులతో విచారణ సంఘం ఏర్పడింది.

ఆ సంఘానికి 1,959 ఫిర్యాదులు అందాయి. వాటిలో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకొన్నవి. వందల మైళ్లు కాలినడకన వచ్చినవారు సైతం ఉన్నారు. వేళ్లను కర్రల నడుమ నొక్కే కిట్టి, మెడను కాలివేళ్లకు తాటితో బిగించి వంచడం, ఎండలో నిలబెట్టి వీపుపై రాయి ఎత్తడం వంటివెన్నో బయటపడ్డాయి. హింస నిజమేనని 1855 నివేదిక అంగీకరించింది. అయితే నేరమంతా దేశీయ నౌకర్లపై మోపి, దొరలను మాత్రం తప్పించింది. శిస్తు వసూలు, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉండటమే అనర్థానికి మూలమని తేలడంతో 1859 చట్టం ద్వారా మద్రాసు రాజధానిలో పోలీసు శాఖను వేరుచేశారు.

1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మరొక కట్టుబాటు తెచ్చింది. పోలీసు అధికారి ఎదుట నేరం ఒప్పుకొన్నంత మాత్రాన ఆ ఒప్పుకోలు నిందితునిపై రుజువుగా చెల్లదు. ఈ నియమం 1872 సాక్ష్య చట్టంలోని 25వ సెక్షనుగా స్థిరపడింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇది 23వ సెక్షను. నిందితుడు చెప్పినదాన్నిబట్టి వస్తువేదైనా దొరికితే, ఆ మేరకు మాత్రం మినహాయింపు ఉన్నది. మన చలనచిత్రాలలో ఠాణాలో నాలుగు దెబ్బలు తగలగానే నేరం ఒప్పుకోవడం, కథ ముగియడం పరిపాటి. న్యాయస్థానంలో మాత్రం కథ అక్కడ ముగియదు.

లక్ష్మీనరసు శెట్టి 1863లో మద్రాసు శాసన మండలి సభ్యులైనారు. ఆర్జించినదంతా ప్రజల కోసమే కరిగించి, 1868లో నిర్ధనులుగా కన్నుమూశారు. ఆయనతోపాటే క్రెసెంట్ పత్రిక కూడా అస్తమించింది.

ఠాణాలలో దెబ్బలు నేటికీ పూర్తిగా మాసిపోలేదు. కాని దెబ్బలతో రాబట్టిన మాటకు కోర్టులో విలువ లేదని చట్టం చెబుతున్నది. సరిహద్దుకు ఈవలనున్నా ఆవలనున్నా ఆ చట్టం ఒక్కటే. ఈ సంగతి మన పల్లెలలో ప్రతి ఇంటికీ తెలిసి ఉండటమే ఆ వర్తకుని శ్రమకు తగిన ఫలం.