చేతితో చదువుకొన్న జి. డి. నాయుడు గారు



పరీక్షా ఫలితాలు వచ్చే రోజులలో ధర్మపురిలోని మన తెలుగువారి ఇళ్లలో ఒకటే ప్రశ్న: మార్కులెన్ని? తక్కువ వచ్చిన బిడ్డ తల వంచుకొని ఒక మూల కూర్చుంటాడు. తల్లిదండ్రులు ఆ పూట సరిగా అన్నం తినరు. అటువంటి కుటుంబాలను తలచుకొని ఈసారి ఒక జీవితచరిత్ర చెబుతున్నాను. ఆయన మనకు పరాయివాడు కాదు. సేలం మీదుగా బస్సెక్కితే చేరగల కోయంబత్తూరులో, తెలుగు మాట్లాడే ఇంట పుట్టి పెరిగినవాడే.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో ఒక రైతు ఇంట జన్మించారు. పసితనంలోనే తల్లి చనిపోయింది. బడి ఆయనకు ఎంతమాత్రం రుచించలేదు. పంతుళ్ల మీద ఇసుక చల్లి పారిపోయే పిల్లవాడు. చిన్న తరగతులతోనే చదువు ఆగిపోయింది. ఆనాడు ఆ బడిలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాలాంటివాడు ఉండి ఉంటే, వీడికి చదువు రాదని తేల్చివేసి ఉండేవాడినేమో! నిజానికి ఆయనకు రానిది కూర్చొని వల్లె వేయడం మాత్రమే.

ఒకనాడు ఒక దొర మోటారు సైకిలు మీద ఊళ్లోకి వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా బండి ఎట్లా నడుస్తున్నదో తెలుసుకోవాలని యువకుడైన నాయుడు గారికి తపన పుట్టింది. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా పనిచేశారు. ఏళ్ల తరబడి రూపాయి రూపాయి కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్నది ఊరేగడానికి కాదు. దాన్ని పూర్తిగా విప్పి, ఒక్కొక్క భాగం చూసి, తిరిగి బిగించారు. పక్కన పాఠం చెప్పేవారెవరూ లేరు. తప్పుగా బిగిస్తే బండి కదలదు, సరిగా బిగిస్తే కదులుతుంది. తప్పొప్పులు దిద్దింది ఆ బండే.

అక్కడినుండి మెకానిక్కు అయ్యారు. 1920లో కోయంబత్తూరు వర్తకుడు రాబర్ట్ స్టేన్స్ గారి సాయంతో ఒక బస్సు సంపాదించి పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సే క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. యూరపు పర్యటనలలో కర్మాగారాలను కళ్లారా చూశారు. బ్యాటరీతో గడ్డం గీసుకొనే రేజరును రూపొందించారు. 1937లో పీలమేడులో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. దేశంలో మొట్టమొదట తయారైన మోటారు అదేనని చెబుతారు. తరువాత కోయంబత్తూరు మోటార్లకు, పంపుసెట్లకు పేరుపొందింది. మన ధర్మపురి మెట్టపొలాల బావుల దగ్గర నీళ్లు తోడే మోటార్ల మీద ఆ ఊరి పేరు ఎన్నిసార్లు చూడలేదు?

ఇంతవరకు ఆయన ఒక్కడి కథ. బడి మానినవాడు బడిని ద్వేషించి ఊరుకొంటే నేను ఈ వ్యాసం వ్రాయనక్కరలేదు. 1945లో నాయుడు గారు ముందుకు వచ్చి, తన భవనాన్ని ఇచ్చి, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరున సాంకేతిక విద్యాలయం ఏర్పడేటట్లు చేశారు. ఆ ఇంజనీరింగు కళాశాలే నేడు కోయంబత్తూరులోని ప్రభుత్వ సాంకేతిక కళాశాల. చిన్న తరగతులతో చదువు మానిన మనిషి దానికి ప్రిన్సిపాలుగా కూడా ఉన్నారు!

అక్కడే ఆయనకు ప్రభుత్వంతో పేచీ వచ్చింది. నాలుగేళ్ల చదువు విద్యార్థి కాలాన్ని వృథా చేస్తున్నదనీ, పని మీద చేయి పెట్టి నేర్చుకొంటే రెండేళ్లు చాలుననీ ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాయుడు గారు పదవి వదులుకొన్నారు. అయితే పట్టు వదలలేదు. రేడియో మరమ్మతు వంటి పనులు యువకులకు నేర్పే శిక్షణలు సొంతంగా నడిపారు. ఆయన వాదం పూర్తిగా సరియైనదని నేను అనను. గణితం, శాస్త్రం పునాదిగా లేకుండా పెద్ద వంతెన కట్టలేము. కాని చేతికి పని తెలియకుండానే పట్టా పుచ్చుకొనేవారిని చూసినప్పుడు ఆయన కోపం అర్థమవుతుంది.

అపజయాలు ఆయనకూ తప్పలేదు. 1952లో రెండువేల రూపాయలకే అమ్మగల ఇద్దరు కూర్చొనే కారు తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు ఆగిపోయింది. అయినా వ్యవసాయంలోను, యంత్రాలలోను ప్రయోగాలు మానలేదు. సి. వి. రామన్ గారంతటి శాస్త్రవేత్త ఆయన తెలివిని మెచ్చుకొన్నారు. 1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ప్రారంభించిన పొడవైన వంతెనకు ఆయన పేరే పెట్టారు.

తల్లిదండ్రులారా, బిడ్డలను బడి మాన్పించమని నేను చెప్పడం లేదు. బడి మానిన వారందరూ నాయుడు గార్లు కాలేదు. ఆయనను నిలబెట్టింది బడి మానడం కాదు, తెలుసుకోవాలనే తపన, దానికోసం సర్వరు పనికైనా సిద్ధపడిన ఓర్పు. చెడిపోయిన సైకిలును షాపుకు పంపేముందు ఒక ఆదివారం సాయంత్రం బిడ్డ చేతికి ఇవ్వండి. పాడుచేస్తాడని భయపడకండి, అది ముందే పాడయింది కదా! వేసవిలో ఒక బుట్ట మామిడిపండ్లు కొని అమ్మనివ్వండి. కొన్నదెంత, కుళ్లినదెంత, మిగిలినదెంత అని వాడినే లెక్క వ్రాయమనండి. నష్టం వస్తే తిట్టకండి, ఎందుకు వచ్చిందో వాడినే చెప్పమనండి.

ఈసారి మార్కుల కాగితం ఇంటికి వచ్చినప్పుడు మార్కులు చూడండి. తరువాత బిడ్డ చేతులు కూడా ఒకసారి చూడండి. ఆ చేతులకు ఏమి వచ్చునో మనమెప్పుడైనా అడిగామా?