మట్టి గుణం కనిపెట్టిన ఆర్థర్ కాసగ్రాండే

వేసవి సెలవులకు ఢిల్లీ నుంచి మన ఊళ్లకు వెళ్లినప్పుడు నల్లరేగడి చేలు బీటలు వారి ఉండటం చూస్తాం. వానలు పడగానే అదే నేల ఉబ్బి, బీటలు మూసుకుపోతాయి. పత్తికి అది మంచి నేలే. మరి దాని మీద విమానాశ్రయం కట్టాలంటే? కింది మట్టి ఒకచోట ఉబ్బి, మరోచోట కుంగితే రన్‌వే ఎగుడుదిగుడై పగులుతుంది. వేగంగా పరుగెత్తే విమానానికి అది ప్రమాదం. అలాంటి మట్టిని ముందే గుర్తుపట్టే దారి చూపినవారిలో ముఖ్యులు ఆర్థర్ కాసగ్రాండే.

ఆయన 1902 ఆగస్టు 28న, నేటి స్లొవేనియాలో ఉన్న ఒక చిన్న పట్టణంలో జన్మించారు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ రాజ్యంలో ఉండేది. 1924లో వియన్నాలో ఇంజనీరింగ్ పూర్తిచేశారు. తండ్రి మరణంతో ఇంటి భారం ఆయన మీద పడింది. 1926లో, చేతిలో ఉద్యోగం లేకుండానే అమెరికా చేరుకున్నారు. అక్కడ మృత్తికా యాంత్రిక శాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాగీ ఆయనను సహాయకుడిగా తీసుకున్నారు.

బంకమట్టి ఎంత నీటికి జారుడవుతుందో చూసే పరీక్షను స్వీడన్ శాస్త్రవేత్త ఆటర్‌బర్గ్ అప్పటికే చెప్పారు. కానీ గిన్నెను చేత్తో తట్టాలి కనుక, చేయి మారితే ఫలితమూ మారేది. కాసగ్రాండే ఇత్తడి గిన్నెకు తిప్పే పిడి అమర్చారు. తడిమట్టిలో గాడి గీసి పిడి తిప్పితే, గిన్నె ప్రతిసారీ 1 సెంటీమీటరు ఎత్తు నుంచే పడుతుంది. 25 దెబ్బలకు గాడి పూడుకునేటప్పుడు మట్టిలో ఉన్న నీటి శాతమే లిక్విడ్ లిమిట్. అది 50 దాటిన బంకమట్టితో జాగ్రత్త అవసరం. నల్లరేగడి సాధారణంగా ఈ కోవలోదే.

రెండో ప్రపంచ యుద్ధంలో విమాన స్థావరాలు త్వరత్వరగా కట్టవలసి వచ్చింది. హార్వర్డ్‌లో బోధిస్తున్న కాసగ్రాండే సైనిక ఇంజనీర్లకు మట్టి పాఠాలు చెప్పారు. విమాన స్థావరాల కోసం మట్టి రకాలకు అక్షరాల గుర్తులు పెట్టి ఒక వర్గీకరణ తయారుచేశారు. మన భారతీయ ప్రమాణాల్లోని మట్టి వర్గీకరణకు కూడా మూలం అదే. మట్టి రకం తెలిస్తే మందూ తెలుస్తుంది: పై మట్టి తీసి వేరే మట్టి నింపడం, సున్నం కలపడం, నీరు చేరకుండా కాలువలు తీయడం.

కాసగ్రాండే 1981 సెప్టెంబరు 6న కన్నుమూశారు. ఆయన గిన్నె మాత్రం నేటికీ మన ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో ఉంది. ఈసారి బదిలీ మీద కొత్త ఊరు వెళ్లినప్పుడు, అక్కడి మట్టిని పిడికెడు తడిపి చూద్దాం.