ఎర్నెస్ట్ మాక్

ఎర్నెస్ట్ మాక్ (ఫిబ్రవరి 18, 1838 - ఫిబ్రవరి 19, 1916) ఆస్ట్రియా దేశానికి చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త, తత్త్వవేత్త. ధ్వని కంటే వేగంగా పోయే వస్తువుల ముందు ఏర్పడే ఆఘాత తరంగాలను ఇతడు పరిశోధించాడు. సౌర పవనంలో గ్రహాల ముందు ఏర్పడే ధనురాకార ఆఘాత తరంగం ఆకృతిని గణించడానికి ఇతని పేరిట ఉన్న మాక్ సంఖ్య ముఖ్యమైన ఆధారం.

జీవిత విశేషాలు

మాక్ మొరేవియాలోని (నేటి చెక్ రిపబ్లిక్) బ్రనో నగర సమీపంలో జన్మించాడు. బాల్యంలో చాలావరకు ఇంటివద్దనే చదువుకొన్నాడు. 1860లో వియన్నా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1864లో గ్రాజ్‌లో గణితాచార్యుడయ్యాడు. 1867 నుండి 1895 వరకు ప్రేగ్‌లో ప్రయోగాత్మక భౌతిక శాస్త్రాన్ని బోధించి, పిదప వియన్నాకు వెళ్ళాడు. పక్షవాతానికి గురై 1901లో పదవీ విరమణ చేశాడు. మ్యూనిక్ సమీపంలో మరణించాడు.

ఆఘాత తరంగాల ఛాయాచిత్రాలు

మాక్ సూచనలను అనుసరించి 1886లో పీటర్ సాల్చర్ తుపాకి గుండును విద్యుత్ మెరుపు వెలుగులో ఛాయాచిత్రం తీశాడు. ఒత్తిడికి లోనైన గాలి కాంతిని వంచుతుంది కనుక తరంగం చిత్రంలో గీతవలె కనిపించింది. ఈ ఫలితాలు 1887లో ప్రచురితమయ్యాయి. వస్తువు వేగాన్ని ధ్వని వేగంతో భాగించగా వచ్చే సంఖ్యకు 1929లో జేకబ్ ఆకెరెట్ మాక్ సంఖ్య అని పేరు పెట్టాడు. ఈ సంఖ్య పెరిగిన కొలదీ వస్తువు వెనుకకు సాగే తరంగపు శంకువు సన్నబడుతుంది.

గ్రహాల ముందు ఆఘాత తరంగం

సౌర పవనం సూర్యుని నుండి వెలువడే విద్యుదావేశ కణాల ప్రవాహం. దీని వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. ఇక్కడ భూమి అయస్కాంతావరణం తుపాకి గుండు స్థానంలో నిలుస్తుంది, కదిలేది ప్రవాహం. ఈ తరంగం ఉంటుందని 1962లో ఏక్స్‌ఫర్డ్, కెల్లాగ్ వేర్వేరుగా ఊహించారు. 1963లో ప్రయోగించిన ఇంప్-1 ఉపగ్రహం దానిని నిర్ధారించింది. ఇది భూమికి సూర్యుని వైపున సుమారు 90,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

1966లో స్ప్రైటర్, ఆయన సహచరులు సౌర పవనాన్ని వాయువుగా భావించి ఈ ఆకృతిని గణించారు. సాధారణంగా దీనిని అతిపరావలయం వంటి శాంకవంతో సూచిస్తారు. సౌర పవనపు పీడనం పెరిగితే తరంగం గ్రహానికి దగ్గరవుతుంది. మాక్ సంఖ్య బాగా తగ్గితే దూరంగా జరుగుతుంది. స్వంత అయస్కాంత క్షేత్రం లేని శుక్రగ్రహానికి అయనావరణమే అడ్డంకి. అందువలన అక్కడ తరంగం గ్రహానికి చాలా దగ్గరగా ఉంటుంది.

పరమాణువులపై సందేహం

ఇంద్రియాలకు అందని వాటిని అంగీకరించరాదన్న సిద్ధాంతం వలన మాక్ పరమాణువుల ఉనికిని చాలాకాలం నిరాకరించాడు. సౌర పవనంలోని కణాలు మాత్రం ఒకదానినొకటి దాదాపు ఢీకొనవు. విద్యుదయస్కాంత క్షేత్రాలే తరంగాన్ని ఏర్పరుస్తాయి. వాయు నమూనా బాహ్య ఆకృతిని చక్కగా చూపుతుంది. అయితే తరంగం లోపల జరిగే మార్పులను వివరించడానికి మాక్ సందేహించిన కణాలనే లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

చంద్రునిపై ఒక బిలానికి మాక్ పేరు పెట్టారు.