గంగ ఒడ్డు నుంచి ఇంగ్లీషు చానెల్ దాకా – ఆరతి సాహా జీవితం

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుల జీవితం గురించి వ్రాయవలసిందిగా సంపాదకవర్గం మిత్రులు కోరారు. స్వాతంత్ర్య సమరయోధుల గురించి, కవుల గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. అందుచేత నేను మనుమలను, మనుమరాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చదువుకోదగిన ఒక ఆడపిల్ల కథను ఎంచుకున్నాను. ఆమె ఆరతి సాహా. ఇంగ్లీషు చానెల్‌ను ఈదిన మొట్టమొదటి ఆసియా మహిళ. ఈ ఒక్క ముక్క జనరల్ నాలెడ్జి పుస్తకాల పుణ్యమా అని చాలామందికి తెలుసు. అయితే ఆ ఒక్కరోజు విజయం వెనుక పదిహేనేళ్ళ మెట్లున్నాయి. ఆ మెట్ల గురించే ఈ వ్యాసం.

ఆరతి 1940 సెప్టెంబరు 24న కలకత్తాలో ఒక మధ్యతరగతి కుటుంబంలో పుట్టింది. తండ్రి పాంచుగోపాల్ సాహా సైన్యంలో సాధారణ ఉద్యోగి. ముగ్గురు పిల్లలలో ఈమె రెండవది. రెండున్నరేళ్ళ వయసులోనే తల్లి పోయింది. అన్నగారు, చెల్లెలు భారతి మేనమామ ఇంట్లో పెరిగితే, ఆరతి ఉత్తర కలకత్తాలో అవ్వ దగ్గర పెరిగింది. తల్లి లేని పిల్లను పెద్దవాళ్ళు పెంచడమంటే ఏమిటో మనలో కొందరికి అనుభవమే.

నాలుగేళ్ళ వయసులో ఇంటి పెద్దలలో ఒకరి వెంట చంపాతలా ఘాట్‌కు స్నానానికి వెళ్ళేది. అక్కడే నీళ్ళలో ఆడుతూ ఆడుతూ ఈత పట్టుకుంది. మన చిన్నతనంలో నడుముకు బెండు కట్టి దిగుడు బావిలోకి తోసేవారు కదా, అదే తీరు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆమె కూడా ఈత వచ్చిన వేలమందిలో ఒకరై ఉండేది. పిల్లకు నీళ్ళంటే ఉన్న ఇష్టాన్ని తండ్రి గమనించి హాట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్బులో చేర్పించాడు. ఆమె జీవితంలో నేను మొదటి పెద్ద మెట్టు అనుకునేది ఇదే.

ఘాట్‌లో ఈదడానికీ, క్లబ్బులో ఈదడానికీ చాలా తేడా ఉంది. ఘాట్‌లో మునగకుండా ఉంటే చాలు. క్లబ్బులో కాలు ఎలా ఆడించాలి, ఊపిరి ఎప్పుడు తీయాలి, చివర గోడను తాకి ఎలా తిరగాలి అన్నది నేర్పుతారు. గడియారం పట్టుకుని కొలుస్తారు. ఆరతిలోని ప్రతిభను గుర్తించి తీర్చిదిద్దినవారు సచిన్ నాగ్. ఆయన సామాన్యుడు కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో భారతదేశానికి స్వర్ణపతకం తెచ్చినవాడు. అంతటివాడి చేతిలో పిల్ల పడింది.

1946లో, ఐదేళ్ళ వయసులో, శైలేంద్ర స్మారక ఈత పోటీలలో 110 గజాల ఫ్రీస్టైల్‌లో ఆరతి మొదటి బహుమతి గెలిచింది. అక్కడినుంచి పదేళ్ళలో రాష్ట్రస్థాయిలో 22 పోటీలు గెలిచింది. 1948లో బొంబాయిలో జరిగిన జాతీయ పోటీలలో 100 మీటర్ల ఫ్రీస్టైల్, 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లలో రజతాలు, 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో కాంస్యం సాధించింది. బ్రెస్ట్ స్ట్రోక్ అంటే మన పల్లెల్లో కప్ప ఈత అనేదే. 1951లో 100 మీటర్ల కప్ప ఈతను ఒక నిమిషం 37.6 సెకన్లలో ముగించి, అప్పటిదాకా డాలీ నజీర్ పేరున ఉన్న జాతీయ రికార్డును దాటింది.

మరుసటి ఏడు, 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో నలుగురు ఆడవాళ్ళుంటే అందులో ఆరతి ఒకతె. వయసు పన్నెండేళ్ళు కూడా నిండలేదు. 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్ హీట్‌లో 3 నిమిషాల 40.8 సెకన్లు తీసుకుని, అక్కడితో వెనుదిరిగింది. ఆ పోటీలో స్వర్ణం గెలిచిన హంగరీ వనిత ఏవా సెకేయ్‌కు పట్టినది 2 నిమిషాల 51.7 సెకన్లు. అంటే దాదాపు 49 సెకన్ల తేడా. ఈతలో అది చాలా పెద్ద దూరం. స్వదేశానికి వచ్చిన తరువాత 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సొంత చెల్లెలు భారతి చేతిలోనే ఓడిపోయింది. పదేళ్ళు దాటిన పిల్లకు ఇవి చిన్న దెబ్బలు కావు. ఆమె ఈత మానలేదు. తనకు బాగా వచ్చిన కప్ప ఈత మీదనే దృష్టి నిలిపింది.

1958లో తూర్పు బెంగాల్‌కు చెందిన బ్రొజేన్ దాస్ ఇంగ్లీషు చానెల్‌ను ఈదాడు. అదే ఏడు సెప్టెంబరులో మిహిర్ సేన్ ఈది, ఆ ఘనత సాధించిన మొదటి భారతీయుడయ్యాడు. ఆరతి బ్రొజేన్ దాస్‌కు అభినందనలు పంపితే, ఆయన ఆమె కూడా ఈదగలదని ప్రోత్సహించి, మరుసటి ఏటి బట్లిన్ అంతర్జాతీయ పోటీకి ఆమె పేరు సూచించాడు. క్లబ్బులో సహాయ కార్యదర్శిగా ఉన్న డాక్టర్ అరుణ్ గుప్తా భారమంతా నెత్తిన వేసుకుని, ఈత ప్రదర్శనలు ఏర్పాటు చేసి చందాలు పోగుచేశాడు. అయినా డబ్బు చాలలేదు. ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ 11,000 రూపాయల గ్రాంటు మంజూరు చేయించారు. ఆనాటి గుమాస్తా జీతాలు తెలిసినవారికి అది ఎంత మొత్తమో నేను చెప్పనక్కరలేదు. ప్రధాని నెహ్రూగారు కూడా శ్రద్ధ చూపారు.

1959 ఏప్రిల్ 13న ఆరతి దేశబంధు పార్కు చెరువులో ఏకబిగిన ఎనిమిది గంటలు ఈదింది. తరువాత పదహారు గంటలు ఈదింది. జులై 24న ఇంగ్లండుకు బయలుదేరింది.

ఇంగ్లీషు చానెల్ అంటే ఫ్రాన్సుకు, ఇంగ్లండుకు మధ్యనున్న సముద్రపు పాయ. ఇరుకైన చోట సుమారు 21 మైళ్ళు. కాని అక్కడ తిన్నగా ఈదడం ఎవరి తరమూ కాదు. ఇంచుమించు ఆరు గంటలకొకసారి పోటు మారి, ప్రవాహం ఇటునుంచి అటు తిరుగుతుంది. మనిషి వంకర దారిలో కొట్టుకుపోతూ పోవాలి. నీళ్ళు చలి. ఒంటికి కొవ్వు పూసుకుని, మామూలు ఈత దుస్తులతోనే దిగాలి. పక్కన దారి చూపే పడవ వస్తుంది, అందులోనుంచి తినడానికి అందిస్తారు. అయితే పడవను గాని, మనిషిని గాని ముట్టుకుంటే ఆ ప్రయత్నం చెల్లదు.

ఆగస్టు 27న పోటీ. 23 దేశాలనుంచి 58 మంది, అందులో ఆడవాళ్ళు ఐదుగురే. అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు ఫ్రాన్సు తీరంలోని కేప్ గ్రినే నుంచి బయలుదేరాలి. ఆరతికి కేటాయించిన పడవ 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అనుకూలమైన ప్రవాహం చేజారింది. అయినా పగలు పదకొండు గంటలకు ఇంగ్లండు తీరానికి ఐదు మైళ్ళ దూరానికి చేరింది. అప్పుడు ప్రవాహం ఎదురు తిరిగింది. సాయంత్రం నాలుగు దాకా కొట్టుకుంటే రెండు మైళ్ళే సాగింది. పడవవారు పట్టుబట్టి ఆపించారు. ఆలస్యం ఆమెది కాదు. కాని ఫలితం ఆమె ఖాతాలోనే పడింది.

ఆ స్థితిలో ఎవరైనా సామాను సర్దుకుని ఇంటికి వచ్చేవారు. ఆరతి అక్కడే ఉండి మళ్ళీ సాధన మొదలుపెట్టింది. సెప్టెంబరు 24తో పంతొమ్మిదేళ్ళు నిండాయి. ఐదు రోజుల తరువాత, 29వ తేదీ ఉదయం 5 గంటల 55 నిమిషాలకు మళ్ళీ అదే కేప్ గ్రినే దగ్గర నీళ్ళలో దిగింది. 16 గంటల 20 నిమిషాలు ఈదింది. అలల మీద వంకరలు తిరుగుతూ 42 మైళ్ళు. లెక్క వేస్తే రాత్రి పదింబావుకు ఇంగ్లండులోని శాండ్‌గేట్ ఒడ్డున కాలు మోపింది. అక్కడ మన జాతీయ పతాకం ఎగురవేసింది. కలకత్తా చెరువులో ఈదిన పదహారు గంటలు ఊరికే పోలేదు. మర్నాడు ఆకాశవాణి దేశమంతటికీ ఈ వార్త చెప్పింది. 1960లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయ క్రీడాకారిణి ఆమె.

తనకోసం అంత శ్రమపడిన డాక్టర్ అరుణ్ గుప్తానే ఆరతి వివాహమాడింది. వారికి ఒక కుమార్తె. బి.ఎన్.ఆర్. అని జనం పిలుచుకునే రైల్వేలో ఆమె ఉద్యోగం చేసిందని తెలిసి నాకు ప్రత్యేకంగా సంతోషం కలిగింది. ఆ రైల్వేయే తరువాత ఆగ్నేయ రైల్వే అయింది. 2003 వరకు మన వాల్తేరు డివిజను అందులోనే ఉండేది. ఆ విధంగా మన రైల్వే పెన్షనర్లకు ఆమె సహోద్యోగి వంటిదే. పచ్చకామెర్లు, మెదడువాపు సోకి 1994 ఆగస్టు 23న, 53 ఏళ్ళకే కన్నుమూసింది. 1999లో తపాలా శాఖ ఆమె పేర స్టాంపు విడుదల చేసింది.

ఇక నేను ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానో చెబుతాను. పదేళ్ళ నా మనుమరాలు రెండేళ్ళుగా మా ఊళ్ళో ఈత నేర్చుకుంటోంది. పొద్దున్నే ఐదున్నరకు తీసుకువెళ్ళేది నేనే. పెన్షనర్‌కు తెల్లవారుజామున పని ఏముంది? తువ్వాలు, ఫ్లాస్కు పట్టుకుని గట్టున కూర్చుంటాను. మొన్న మొదటిసారి పోటీలో దిగి తన వరుసలో ఆఖరున వచ్చింది. ఇంట్లో చర్చ మొదలైంది. చదువు పాడవుతోందని మా అబ్బాయి, ఎండకూ నీళ్ళకూ పిల్ల నల్లబడుతోందని కోడలు. వారి ఆలోచనలో తప్పులేదు, వారి భయాలు వారివి. నేను వాదించలేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర ఆరతి కథ మొత్తం చెప్పాను. పిల్ల అడిగినది ఒక్కటే ప్రశ్న. హెల్సింకీలో ఆమె ఎన్ని సెకన్లు వెనుకబడిందీ అని. నలభై తొమ్మిది అన్నాను. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, తాను వెనుకబడింది పదకొండే అంది. ఈ ఏడాదికి మానిపించకూడదని ఇంట్లో ఒప్పందమైంది. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

మిత్రులారా, ప్రతి పిల్లా చానెల్ ఈదదు. ఈదనక్కరలేదు కూడా. ఈత వస్తే చెరువు గట్టున, కాలువ ఒడ్డున ప్రాణం దక్కుతుంది, అదే పదివేలు. కాని ఆరతిని ఒకరు ఘాట్‌కు తీసుకువెళ్ళారు, ఒకరు క్లబ్బులో చేర్చారు, ఒకరు నేర్పారు, ఒకరు చందాలు వసూలు చేశారు. ఈదింది మాత్రం ఆమె. తీసుకువెళ్ళేవారి పని మనకు మిగిలే ఉంది. దానికి వయోపరిమితి లేదు, రిటైర్మెంటు అంతకన్నా లేదు. మీ ఇంట్లో నీళ్ళంటే ఇష్టపడే పిల్లలుంటే, రేపు పొద్దున్నే ఒక తువ్వాలు సిద్ధం చేసుకోండి.