ధాత కరువులో క్లౌ దొర వేయించిన గుడిసెలు

పోయిన చలికాలం ఒక రాత్రి మార్కాపురం రోడ్డు రైల్వే టేసన్లో బండి కోసం కూర్చోనున్నా. గోడవార ఒక ముసలామె గోతాం పట్టా పరుచుకోని ముడుక్కోని పండుకోనుంది. పలకరిస్తే రెండే ముక్కలు చెప్పింది. వానకి మిద్దె కూలిందంట. కొడుకు బెంగుళూరుకి బేల్దారి పనికి పోయి ఫోను ఎత్తట్లేదంట. తెల్లారి చూస్తే ఆమె లేదు. యాడికి పోయిందో చెప్పేవాళ్లూ లేరు.

ఎవురికన్నా కష్టమొస్తే మా జేజి ధాత కరువు మాట ఎత్తేది. ఆమె పుట్టక ముందరి కరువది, వాళ్ల పెద్దోళ్లు చెప్పుకోంగా విన్నది. ఆ కరువులో కొంపా గోడూ ఇడిసి రోడ్డున పడ్డ జనానికి నీడ చూపించినోళ్లలో ఒకాయన గురించి ఈ రోజు చెప్తా. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోల్లో ఆయన పేరు మీద ఆసుపత్రి వెలిసింది. ఆయన చేసిన పనేందో మాత్రం మన పడమటి దిక్కు కుర్రోళ్లకి పెద్దగా తెలీదు.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టినాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో సర్కారు సర్వేయర్ల జట్టులో చేరి భూములు కొలిచినాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తది. బాప్టిస్టు మిషనరీగా 1865లో మన దేశానికొచ్చి, 1866లో భార్య హ్యారియట్‌తో ఒంగోల్లో కాపురం పెట్టినాడు. ఆయన కాడికి కనిగిరి దిక్కు తలకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య వచ్చినాడు. తోళ్ల యాపారం చేసే మాదిగ మనిషి. పేరయ్య ఎంట పల్లెలకి పల్లెలే కదిలినాయి. అది పై కులాలోళ్లకి గిట్టలా. మిషను బడిలో చదివే తమ పిల్లోళ్లని మానిపించినారు. బడి దెబ్బతిన్నా సరే, క్లౌ మాత్రం మాదిగోళ్ల చెయ్యి ఇడవలా.

అంతలో 1876లో వానలు మొహం చాటేసినాయి. అదే ధాత నామ సంవత్సరం. 1877 నాటికి గొడ్డూ గోదా పోయినాయి. ఊళ్లు ఖాళీ అయినాయి. మార్కాపురం, కంభం, గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేయి. కరువు గట్టిగా కొట్టిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. మద్రాసు రాజధానిలో లక్షల మంది పోయినారు. అంత చావులోనూ తెల్ల సర్కారు గింజల ఎగుమతి ఆపలా.

కరువు పని కింద సర్కారు సముద్రం వార కాలువ తవ్వించడం మొదలుపెట్టింది. మనం ఇప్పుడు బకింగ్‌హాం కాలువ అంటన్నామే, అదే. పనైతే ఉంది గానీ, మాదిగోళ్లు పోవాలంటే జంకు. అక్కడి మేస్త్రీలు పై కులాలోళ్లు. తిట్లు, తన్నులు, కూలి కాడ మోసం. అప్పుడు క్లౌ, ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. చిన్నప్పుడు నేర్చిన సర్వే పని ఇక్కడ అక్కరకొచ్చింది.

రాజుపాలెం కాడ మకాం పెట్టినాడు. వచ్చినోళ్లకి గుడిసెలు వేయించినాడు. తాగే నీళ్లకి బావులు తవ్వించినాడు. మేస్త్రీలుగా తన బోధకుల్నే పెట్టినాడు. వాళ్లలో ఎక్కువ మంది మాదిగ ఇళ్ల నుంచి వచ్చినోళ్లే. సొంతూళ్లో బావి గట్టు తొక్కనియ్యని మనుషులు అక్కడ తమ కోసం తవ్విన బావిలో నీళ్లు తోడుకున్నారు. తమోడే లెక్క రాస్తే కూలి తీసుకున్నారు. వేల మంది వచ్చినారు, పోయినారు. కలరా కూడా వచ్చింది. అందర్నీ బతికించలేకపోయినాడు. దాన్ని దాచిపెట్టి ఆయన్ని దేవుణ్ణి చెయ్యాల్సిన పని లేదు.

బువ్వ పెట్టి మతం మార్చినాడనే మాట మీరు వినే ఉంటారు. నేనూ విన్నా. జరిగింది చెప్తా. కరువు నడిచిన పదిహేను నెలలూ ఆయన ఎవురికీ బాప్తిస్మం ఇయ్యలా. గింజల కోసం వస్తారేమోనని ఆయనకే అనుమానం. సాయం డబ్బులు ఇంక లేవని ముందే చెప్పి పంపినాడు. అయినా జనం ఆగలా. 1878 జులై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగి లేచినారు. మన కంభం చెరువుని నింపే గుండ్లకమ్మే అది. ఎందుకు పోయినారంటే నాకు తోచేది ఒకటే. తరతరాలుగా ఊరి బయట ఉంచినోళ్లని మొదటిసారి మనుషుల లెక్కన చూసిన తావు అది. మతం సంగతి మీ ఇష్టం. ఆ లెక్కని మాత్రం మరిచిపోవద్దు.

క్లౌ 1910లో అమెరికాలోనే కన్నుమూసినాడు. ఆయన మకాం గుడిసెలు ఎప్పుడో మట్టిలో కలిసినాయి. నీడ అంటే పైకప్పొకటే కాదు, నీళ్లు, పని, తిట్టకుండా పలకరించే మనిషి కూడానని చూపించి పోయినాయి.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఇల్లు లేనోళ్ల కోసం 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద సర్కారు ఒక కొలత పెట్టింది. లక్ష జనానికి కనీసం 100 మంది పట్టే వసతి. 2011 జనాభా లెక్కల్లో మార్కాపురం లక్షకి తక్కువ. గిద్దలూరు ఇంకా తక్కువ. మరి గోతాం పట్టా మీద పండుకున్న ఆ ముసలామె ఏ లక్షలోకి వస్తది? వెలిగొండ నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తా, వలసలు పోతన్న ఊళ్లు మనయి. కొంప ఇడిసేవాళ్లు మన కాడ తక్కువా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ వారం ఒక రాత్రి మీ ఊరి బస్టాండుకి పొయ్యి రండి. యాడ పండుకోనున్నారు, ఎంతమంది, నీళ్లు యాడ తాగుతన్నారు, రాసుకోండి. ఆ కాయితం తీసుకోని మున్సిపాలిటీ మెట్లెక్కుదాం. క్లౌ గొలుసు పట్టి భూమి కొలిచినాడు. మనం ముందు మనుషుల్ని లెక్కపెడదాం.